ఓడ ఐదింటికి కదులుతుంది

కొండవీడు ఘాట్ రోడ్డు రెండో మలుపులో జీపు ఆగింది.
ఇంజను వేడెక్కిందన్నాడు బాలశౌరి.
నేను చేతి గడియారం చూసుకున్నాను.
కోట ఎక్కడికీ పోదు,
నన్ను వదిలేసి వెళ్ళే ఓడా ఇక్కడ లేదు,
అయినా చూసుకున్నాను.
ఒక్క పూట భయం ఏడాదైనా మణికట్టు వదల్లేదు.

నిరుడు మాఘంలో
పురుగుమందుల కంపెనీ, టార్గెట్ దాటించినందుకు,
పట్నంబజారు నుంచి నన్నూ
ఫిరంగిపురం నుంచి ఇతన్నీ
ఇంకో నలభై మంది డీలర్లనీ
పదకొండంతస్తుల ఓడ ఎక్కించింది.
ఎండ కాసే ఒక దీవి దగ్గర దింపి
"ఓడ ఐదింటికి కదులుతుంది, రానివాళ్ళ కోసం ఆగదు"
అని మైకులో మూడుసార్లు చెప్పారు.
ఆ దీవి పేరు ఇప్పటికీ నా నోట తిన్నగా పలకదు.

కొండ మీద నల్లరాతి కోట.
ఫిరంగులన్నీ సముద్రం వైపు నోళ్ళు తెరుచుకుని
ఉగ్గు కోసం కూర్చున్న పిల్లల్లా.
గైడు పొడుగాటి మనిషి, తలనిండా సన్నటి జడలు.
రాజుల పేర్లు గబగబా చెప్పేసింది.
ఒక గోడ దగ్గర మాత్రం ఆగి
రాతి మీద అరచెయ్యి ఆనించి
గొంతు తగ్గించి
ఇవి మోసింది మావాళ్ళు, అంది.
సంకెళ్ళతో ఓడల్లో దిగినవాళ్ళు.
నా ఇంగ్లీషు అంతంతమాత్రం.
ఆ చెయ్యి మాత్రం తెలుగులోనే ఉంది.

తర్వాత మేం ఫోటోలకి పోయాం.
నేనూ పోయాను. అబద్ధమెందుకు.

గేటు దగ్గర ముసలామె బుట్టలో
బుడిపెలు బుడిపెలుగా పసుపుపచ్చ మిరపకాయలు.
గుంటూరు మనిషికి కారం చెబుతావా అని
ఒకటి తీసుకుని కసుక్కున కొరికాను.
ఇంక చూసుకోండి.
కళ్ళల్లో కృష్ణ, ముక్కులో నాగులేరు,
బాలశౌరి కొబ్బరిబోండాం కోసం పరుగు,
గైడు కడుపు పట్టుకుని నవ్వు.
నవ్వి నవ్వి చెప్పిందామె:
మిరప పుట్టిల్లు మా వైపే,
మీ ఊరికి సముద్రం మీదే వచ్చుంటుంది.

నమ్మలేదు నేను.
యార్డులో ముప్పయ్యేళ్ళు, తేజా ఘాటుకి తుమ్మని ముక్కు నాది.
ఇంటికొచ్చి హిస్టరీ మాస్టారు పేరిందేవి గారినడిగితే
అవునమ్మా, నిజమే, అంది
పచ్చడన్నం కలుపుకుంటూ.

ఇవాళ అందుకే వచ్చాను.
కూలిన గుమ్మం, సీతాఫలం పొదలు,
అడుగంటిన చెరువు, అక్కడిలాగే కోతులు.
కింద కళ్ళాల్లో ఎండుతున్న కాయ
ఎవరో ఎర్రచీరలు ఉతికి పరిచినట్టు.
ఈ కోట కట్టిన నాటికి ఆ ఎరుపు లేదు.
రెడ్డిరాజు మిరియాల కారమే తినుంటాడు,
సరే, ఆయనకి మిరియాలున్నాయి.
ఈ రాళ్ళెత్తినవాడు మధ్యాహ్నం
జొన్నకూట్లో ఏం నంజుకున్నాడో?
ఉప్పుగల్లా? చింతతొక్కా?
ఉత్త ఆకలా?

"మీ ఊరి పేర్లో ఫిరంగి, తుపాకీ ఫిరంగా, పరంగి దొరా?"
"మాకు చర్చి గంటొకటే తెలుసు మేడం,"
అన్నాడు బాలశౌరి, టైరు కింద రాయి పెడుతూ.
కాసేపాగి,
"మా అమ్మమ్మ క్వారీలో రాళ్ళు కొట్టేది.
భోజనానికి ఉల్లిపాయ. అదీ సగం."

గోడ మీద చెయ్యి పెట్టాను.
ఎండకి కాలింది.
తీసెయ్యబోయి, ఉంచాను.

ఐదయింది.
కింద కళ్ళంలో ఒక ట్రాక్టరు హారను కొట్టింది,
ఉలిక్కిపడి లేచాను,
మళ్ళీ కూర్చున్నాను.